బార్ట్లీ మెహల్

బార్ట్లీ ఒంటిచక్రం బండిని రోడ్డు దాకా తోసి బోర్లించాడు. పొయ్యిలో కాల్చడానికి చిత్తడి బీడులోంచి కోసి ఎండబెట్టిన టర్ఫ్ మట్టిపెళ్లలు జారి కుప్ప మీద పడ్డాయి. బండి తిప్పుకుని మళ్లీ బీడులోకి దిగాడు. చక్రం కోసం పరిచిన చెక్క ఒకచోట చిత్తడిలోకి కుంగింది. అక్కడికి వచ్చేసరికి బండి ఆగిపోయేది. మోకాలితో నెట్టేవాడు, బూతు తిట్టేవాడు.

పడమట దీవుల మీద మబ్బు పట్టింది. సాయంత్రానికి వాన. వేసవి అయిపోవచ్చింది, ఇప్పుడు తడిస్తే పెళ్లలు మళ్లీ ఎండవు. అతనికీ అక్క డీలియాకీ చలికాలమంతా పొయ్యిలోకి ఉన్నది ఇదే.

ఇది ఒక్కడి పని కాదు. ఐర్లండ్ పడమటి కొసన ఈ కనమారలో ఇలాంటి పనికి మెహల్ కడతారు. ఇరుగుపొరుగు వచ్చి చేస్తారు, ఆ ఇంట్లో తింటారు, రేపు ఆ ఇంటివాడు వీళ్ల పనికి వెళతాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఆదివారం పూజ అయ్యాక చర్చి గేటు దగ్గర ఒకసారి అంటారు. రెండోసారి అంటే అడుక్కున్నట్టు. శనివారం టర్ఫ్ తెస్తున్నానని బార్ట్లీ ఒకసారి అన్నాడు. అదే గేటు దగ్గర ఫాదర్, శనివారం కొత్త హాలు తెరుస్తున్నామని చెప్పాడు. హాలుకు పెట్టిన పేరు మెహల్.

పొద్దున డీలియా అందరికీ సరిపడా పంది మాంసం, క్యాబేజీ పొయ్యి మీద పెట్టింది.

"ఇంకోసారి చెప్పి రారా," అంది.

"ఒకసారి విన్నారు కదక్కా. చెవుడా వాళ్లకి?"

కౌంటీ రోడ్ల మీద కూలీగా చేసినన్నాళ్లూ అతని సెలవులు ఊళ్లోవాళ్ల గడ్డికీ, బంగాళాదుంపలకీ, ఇంటికప్పులకీ పోయాయి. తన బీడుకు మాత్రం తమ్ముళ్లు సరిపోయేవారు. ఆఖరి తమ్ముడు కిందటి శీతాకాలం పోయాడు. బార్ట్లీకి ఊరితో పని పడటం ఇదే మొదలు.

మధ్యాహ్నం ఫెస్టీ కారు ఆగింది. బార్ట్లీ ఇంటికి ఎదురిల్లే వాళ్లది. సూటు వేసుకున్నాడు, హాలు కమిటీలో ఉన్నాడు.

"ఏరా, ఒక్కడివే ఉన్నావ్? మిగతావాళ్లు అక్క వంట మీద పడ్డారా?"

"ఆఁ," అన్నాడు బార్ట్లీ.

"గాల్వే కాలేజీ నుంచి మేడం వస్తోంది. మెహల్ అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్తుందట."

"ఎక్కడ పుడితే నాకేంట్రా. ఇప్పుడెక్కడుందో అడుగు."

ఫెస్టీ నవ్వి వెళ్లిపోయాడు. బార్ట్లీ ఒక పెళ్ల తీసి బండికేసి కొట్టాడు. అది పొడి అయింది. మళ్లీ నింపడం మొదలుపెట్టాడు.

పాత ఐరిష్‌లో ఆ మాటకు పంట కోసే గుంపు అని అర్థమని హాల్లో ఆ మేడం చెప్పింది. సముద్రానికి అవతల వేల్స్‌వాళ్లకూ దాని తోబుట్టువు లాంటి మాట ఉందట. మూలంలో ఉన్నది కోత. కొడవళ్లు పోయినా మాట పోలేదని, గడ్డికి, తర్వాత టర్ఫ్‌కు, కలిసి చేసే ప్రతి పనికీ పాకిందని చెప్పింది. ఈ ఊళ్లో ఆఖరి మెహల్ ఎప్పుడని అడిగింది.

"ఇవాళే," అన్నాడు ఫెస్టీ. "బార్ట్లీది."

ఎవరెవరు వెళ్లారని ఆవిడ అడిగింది. ప్రతివాడూ పక్కవాడు వెళ్లాడనుకున్నాడు.

వాళ్లు బీడుకు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. బార్ట్లీ రోడ్డు పక్క కుప్పకు వీపు ఆనించి కూర్చున్నాడు. గడ్డం గుండె మీద ఆనింది.

"లేవరా, వచ్చాం," అన్నాడు ఫెస్టీ. చెయ్యి పట్టి లేపబోయాడు. చెయ్యి చల్లబడి ఉంది.

సమాధిని పొరుగువాళ్లే తవ్వుతారు. దానికీ పిలుపు ఉండదు. గోతి చుట్టూ నిలబడే చోటు లేనంత మంది వచ్చారు, పారలకు వంతులు వేసుకున్నారు. డీలియా అందరికీ వడ్డించింది. మర్నాడు వాళ్లే వెళ్లి, తడిసిన టర్ఫ్ అంతా తెచ్చి ఆమె గోడ పక్కన పేర్చారు. బీడులో టర్ఫ్ కోసిన గట్టు కిందికి ఎవరూ వంగి చూడలేదు. అక్కడ నీడలో బార్ట్లీ తెచ్చుకున్న టీ సీసా, వేడి పోకుండా ఉన్ని మేజోడులో దూర్చినది, బిరడా తీయకుండా నిలబడి ఉంది.