మధ్యాహ్నం రెండింటి రోగం

కకమేగా ఊళ్ళో జనన నమోదు ఆఫీసులో మధ్యాహ్నం రెండయ్యేసరికి పద్నాలుగు కంప్యూటర్లూ ఒక్కసారిగా మూగబోయేవి. మూడు వారాలుగా ఇదే తంతు. ముందు గుమాస్తాల నిట్టూర్పులు, వెంటనే బెంచీల మీది తల్లుల సణుగుడు, ఆ తర్వాత అందరి నోటా ఒకటే పిలుపు: "ఫుండీ ఎక్కడ?"

మరమ్మతు పని తెలిసిన ఎవరినైనా అక్కడ ఫుండీ అంటారు. ఈ ఆఫీసు ఫుండీ ముహోంజా అనే ముప్పై ఏళ్ళ యువతి. పిలుపు వినగానే వెనక రికార్డు గదికి పరుగెత్తేది. అక్కడ ఇనుప బీరువా మీద, కంప్యూటర్లన్నిటినీ ఇంటర్నెట్‌తో కలిపే స్విచ్ పెట్టె ఉంది. అన్ని కంప్యూటర్ల తీగలూ వచ్చి చేరేది దాన్లోకే. ఏదో ఆఫీసువాళ్ళు వాడుకున్నంత వాడుకుని వీళ్ళకు అంటగట్టిన సరుకది. చెయ్యి పెడితే చుర్రుమనేది. ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ వేస్తే సాయంత్రం దాకా బుద్ధిగా నడిచేది. మర్నాడు రెండింటికి మళ్ళీ మామూలే.

ముహోంజా చెయ్యని వైద్యం లేదు. తీగలు మార్చింది. ఎలుకల కోసం వెతికింది. ఇంటర్నెట్ లైను ఇచ్చే కంపెనీవాళ్ళతో ఫోనులో పోట్లాడి, తప్పు వాళ్ళది కాదని తేలాక నాలిక కరుచుకుంది. ఆఖరికి అధికారి షితాండా దగ్గరికి వెళ్ళి కొత్త పెట్టె అడిగింది.

"నీకు కొత్తది కావాలి, నాకు పనిచేసేది కావాలి" అన్నాడాయన కళ్ళజోడు తీయకుండానే. "శుక్రవారం బడి పరీక్షలకు పేర్లిచ్చే ఆఖరి రోజు. జనన నంబరు లేకపోతే పిల్లలకు పరీక్ష లేదు. ఆ రోజు ఇది పడిపోయిందంటే సోమవారం నుంచి బయటి కంపెనీవాళ్ళు చూసుకుంటారు. నువ్వు రానక్కర్లేదు."

ముహోంజా వచ్చిన దారినే రికార్డు గదికి వెళ్ళింది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని గడపలు ఎక్కి దిగిందో ఆమెకే తెలుసు.

ఆ మూడు వారాల్లో ఆమెకు దొరికిన మంచి మాటలన్నీ ఆ రికార్డు గదిలోనివే. గది ఊడ్చి, అక్కడే టీ కాచే రెస్పా అవ్వ ప్రతిసారీ స్టూలు మీదికి పాల టీ అందించి, "ముందు తాగు తల్లీ, అదెక్కడికీ పోదు" అనేది. నిరుడు అవ్వ మనవడి పుట్టుక కాగితం పోతే, ముహోంజా రెండు రోజులు పాత రిజిస్టర్లన్నీ తిరగేసి తీసిచ్చింది. అవ్వ ఆ సంగతి మరిచిపోలేదు.

బుధవారం ముహోంజా అక్కడ మరిచిపోయిన స్క్రూడ్రైవరు కోసం ఒంటిగంటన్నరకే ఆ గదిలోకి వెళ్ళింది. పెట్టె మీద ఎర్ర ఊలుతో, పసుపు పూల అంచుతో, రెండు పొరలుగా అల్లిన ముసుగు ఉంది. కొలత తీసుకుని కుట్టినట్టు నాలుగు పక్కలా దిగి కూర్చుంది. ఆ ఊళ్ళో రేడియోకి, టీవీకి, సోఫా వీపుకి, విలువైన ప్రతిదానికీ అలాంటి ముసుగు ఉంటుంది.

"అయ్యో, చెప్పాపెట్టకుండా వచ్చేశావేం" అంది అవ్వ నొచ్చుకుంటూ. "తెలిస్తే రోజూలాగా ముందే తీసేదాన్ని కదా."

"రోజూనా?"

"ఊడవగానే కప్పుతాను. రోడ్డు మీది ఎర్రదుమ్మంతా దీని నెత్తినే కదా. అక్కడ నీ కోసం అరుపులు మొదలవగానే తీసి నడుముకు చెక్కుకుంటాను. డాక్టరొచ్చాక కూడా రోగికి ముసుగు వేసి ఉంచుతామా ఏం? మనవడి కాగితం దొరికిన నాడు నీ కోసమని మొదలుపెట్టాను. చూపు ఆనక ఏడాది పట్టింది, మూడు వారాల కిందటే పూర్తయింది. నువ్వు దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటావో చూసి దానికే ఇద్దామనుకున్నా."

ముహోంజాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాట తూలడానికి మనసొప్పలేదు. ముసుగు తీసి, అవ్వ చెయ్యి పట్టుకుని పెట్టె మీద ఆనించింది.

"చూడు, ఎలా కాలుతోందో. ఈ పక్కనున్న చిల్లులు దీని ముక్కులు అవ్వా. లోపల చిన్న ఫ్యాను తిరిగి వేడిని వీటిలోంచి బయటికి నెడుతుంది."

"అంటే ఇన్నాళ్ళూ దాని ముక్కు మూసింది నేనా?" అవ్వ చతికిలబడింది.

ఆ సాయంత్రం ముహోంజా అధికారికి ఉన్నమాట చెప్పింది. "గాలాడక వేడెక్కింది సార్. గాలి కావాలని ఈ ఆఫీసులో ఎవరికీ నేను చెప్పలేదు. తప్పు నాదే."

టీ కప్పుతో వచ్చిన అవ్వ గుమ్మంలోనే ఆగింది. "మూసింది నేనయ్యా. పిల్లననకు."

షితాండా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఈ ఆఫీసులో తప్పు నాదని ఒప్పుకునేవాడు ఎప్పుడూ ఒక్కడూ దొరకడు. ఇవాళ ఇద్దరు దొరికారు. శుక్రవారం గనక పడిపోతే ఇద్దరూ కలిసే వెళ్ళండి."

గురువారం రెండు దాటినా ఒక్క కంప్యూటరూ ఆగలేదు. శుక్రవారం వరండా దాటి గేటు దాకా జనం. పదకొండింటికి అవ్వ ముహోంజా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా చెవిలో చెప్పింది.

"అది ఎప్పుడూ సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. ఇప్పుడు అనడం లేదు. చెయ్యి పెట్టాను, కాలుతోంది."

ముహోంజా పరుగెత్తింది. వెళ్ళి చూస్తే లోపలి ఫ్యాను నిజంగానే చచ్చిపోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే అన్నీ ఆగిపోయేవి. ఆమె ఎవరినీ అడగలేదు. అధికారి గదిలోకి వెళ్ళి, ఆయన ఎదురుగా తిరుగుతున్న బల్లఫ్యాను తీగ పీకి, చంకన పెట్టుకుని వచ్చేసింది. స్విచ్ పెట్టె మూత విప్పి, ఫ్యాను దాని మీదికి తిప్పింది. అవ్వ పక్కనే కూర్చుని అయిదు నిమిషాలకోసారి చెయ్యి పెట్టి చూస్తూనే ఉంది. తన గదిలో చెమటలు కక్కుతున్న షితాండా రెండుసార్లు తొంగిచూశాడు గానీ ఫ్యాను ఊసెత్తలేదు.

అయిదింటికి ఆఖరి పిల్లకు నంబరు వచ్చింది. బెంచీలు ఖాళీ అయ్యాయి. షితాండా చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "సోమవారం వేళకి రండి, ఇద్దరూ" అని, మరమ్మతు కాగితం ముహోంజా ముందు పెట్టాడు.

బాగుచేసినవారి పేరు అన్న చోట ఆమె కలం ఆగింది. తన ఉద్యోగం నిలబెట్టిన మనిషి ఎవరో ఆమెకు బాగా తెలుసు. రాసి, కాగితం పట్టుకుని రికార్డు గదిలోకి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళుగా ఊడుస్తున్నా, ఊరందరి పేర్లూ అచ్చయ్యే ఆ ఆఫీసులో అవ్వ పేరు ఏ కాగితం మీదా లేదు. జీతాల జాబితాలో కూడా ఊడ్చే మనిషి అనే ఉంటుంది.

"ఏం రాశావు?" అంది అవ్వ. ఆమెకు చదువు రాదు.

"బాగుచేసినవారు: రెస్పా ఖవేరే. ఆ కింద నా పేరు."

అవ్వ చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది. "ఇంకోసారి చదువు."

ముహోంజా చదివింది. మూడోసారి అడక్కుండానే చదివింది.