పెదవుల మీద మాట

ఆ ఫోను వచ్చినప్పుడు నా చేతులు మణికట్ల దాకా చేపల నెత్తుటిలో ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఈ నుమజు ఊళ్ళో మా వీధి మొత్తం ఎండుచేపలు చేసేవాళ్ళే. పొద్దున్నే రేవు నుంచి పెట్టెలు దిగుతాయి. ఒక్కో చేపనీ కడుపు వైపు చీల్చి, పేగులు లాగేసి, పుస్తకంలా విప్పి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, వల తట్టల మీద పరిచి గాలికి పెట్టాలి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచీ అది నా పని. కొట్టు బోర్డు మీద మాత్రం మా ఆయన పేరుంటుంది. "కత్సుహికో చేతి చేప రుచే వేరు" అంటారు ఊళ్ళో. ఆ చేతులు చేపను తాకి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. ఆయన ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళకి నా చేత టీ పోయించి, గాలి ఎటు వీస్తోందో చెబుతుంటాడు.

ఫోను తీసింది ఆయనే. కాసేపు "ఆఁ, ఆఁ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. పెళ్ళాం వినకూడదనుకుని తగ్గించిన గొంతు అందరికంటే ముందు పెళ్ళానికే వినబడుతుంది. 'ఉప్పు గది' అన్న పేరు ఆయన నోట విని కత్తి ఆపాను. నేను నటించిన సినిమా అది. టోక్యోలో ఎవరో పాత సినిమాల్ని శుభ్రం చేసి, ఇళ్ళలో చూసుకునే డిస్కులుగా విడుదల చేస్తారట. ఇప్పుడు దాని వంతు వచ్చిందట. నన్ను వచ్చి నాలుగు మాటలు చెప్పమంటున్నారు. "లేదండీ, ఆవిడ రాదు. అవన్నీ ఎప్పుడో వదిలేసింది" అన్నాడు ఆయన. రానని నేను అనలేదు. నన్నెవరూ అడగలేదు. అదేమీ కొత్త కాదు కాబట్టి మళ్ళీ కత్తి ఎత్తాను. అప్పుడు, ఫోను పెట్టేసే ముందు, ఇంకా మెల్లగా అడిగాడు: "అయితే... బొమ్మ స్పష్టంగా వచ్చిందా?"

ఆ ఒక్క ప్రశ్న వినకపోయుంటే నేను టోక్యో వెళ్ళేదాన్ని కాదేమో.

ఆ సినిమా నా ఇరవై రెండో ఏట సంగతి. నాటకాల పిచ్చితో ఎక్కడో ఉత్తరాన ఉన్న అఓమొరి నుంచి టోక్యో వచ్చినదాన్ని. ఇంటింటికీ టీవీ వచ్చి సినిమా హాళ్ళు వెలవెలబోతున్న రోజులు. మూతపడకుండా ఉండడానికి స్టూడియోలు చవగ్గా, చకచకా, ఆడదాని ఒంటిని నమ్ముకుని సినిమాలు తీసేవి. అందులోనూ కళ ఉందనేవారు. కొన్నిట్లో ఉండేది కూడా. హిరాకుబొ అనే డైరెక్టరు నన్ను నాటకంలో చూసి పిలిచాడు. తెర మీదికి మిజుకి రెయ్ అని పేరు పెట్టాడు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఒకామెను ఉప్పు వ్యాపారి తన కొట్టంలో బంధిస్తాడు. చివరికి తలుపు తెరిచినా ఆమె బయటికి పోదు. అదీ కథ. బట్టలు లేకుండా నటించాలని ముందే చెప్పారు, ఒప్పుకున్నాను. అందులో నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. నేను ఒప్పుకోనిది వేరే ఒకటి జరిగింది. దాని గురించి నన్నెవరూ అడగలేదు, ఎందుకంటే చూసినవాళ్ళందరికీ అది నటనే.

ఆ తర్వాత కొన్నాళ్ళకే సినిమాలు వదిలేసి, ఈ ఊళ్ళో స్టేషను దగ్గర హోటల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాను. కత్సుహికో అక్కడికి చేపలు తెచ్చి వేసేవాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడు నా పాత పేరు చెప్పాను. "తెలుసు. అన్నీ తెలిసే అడుగుతున్నాను" అన్నాడు. ఎంత మంచివాడో అని ఆ రోజు ఏడ్చాను. ఆ మంచితనానికి బదులు తీర్చడంలోనే నా నడుం వంగిపోయింది. పులుసులో ఉప్పు ఎక్కువైనా, పిల్లకి జ్వరం వచ్చినా, చేపలు కోయడానికి ఒక మనిషిని పెట్టుకుందామన్నా, "అన్నీ తెలిసే తెచ్చుకున్నాను కదా" అనేవాడు. కోపంగా కాదు. పొద్దున్నే పెద్దల పటాల ముందు దణ్ణం పెట్టుకున్నంత మామూలుగా. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ మర్యాద కూడా పాటించలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఒక్క నిమిషం పొయ్యి దగ్గర నిలబడితే, "ఊరందరి ముందూ ఒళ్ళు ఆరబెట్టినదానివి, మా చేపలు ఆరబెట్టడానికి నీకు చలేమిటే?" అనేది. పక్క కొట్టువాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆ మాట నాకు తగిలిందని వాళ్ళకి తెలిసిపోతుందని భయం.

అన్నీ తెలియడమంటే ఏమిటో పెళ్ళయిన కొత్తలోనే అర్థమైంది. ఆయన ఆ సినిమా చూశాడు. స్నేహితులతో షిజువోకా పట్నం దాకా పోయి మరీ, మళ్ళీ మళ్ళీ చూశాడు. ఒకనాడు పక్కలో, బతిమాలుతున్నట్టు నవ్వుతూ, "అందులో 'నన్ను వదలకు' అంటావు చూడు, అలా ఒక్కసారి అనవూ?" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. సిగ్గుపడ్డాననుకున్నాడు.

బొమ్మ స్పష్టంగా వచ్చిందా అని అడిగిన మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఫోన్లో ఆఖరి నంబరు నొక్కాను. నాగమినె అనే అతను తీశాడు. "మిజుకిగారా?" అన్నాడు. నా పేరు సుమిఎ అని, అలాగే పిలవమని చెప్పాను. మనిషి నిజాయితీపరుడే. సినిమా మీద హక్కులు స్టూడియోవని, నా అనుమతి ఉన్నా లేకపోయినా డిస్కు వస్తుందని దాచకుండా చెప్పాడు. నేను చేయాల్సిందల్లా సినిమా నడుస్తుంటే చూస్తూ ఆనాటి జ్ఞాపకాలు చెప్పడం. ఆ మాటలు డిస్కులో విడిగా ఉంటాయట, కావలసినవాళ్ళు సినిమాతోపాటు పెట్టుకుని వింటారట. వస్తానన్నాను.

మా అమ్మాయి మిసావొ పక్క ఊరు మిషిమాలో పురపాలక ఆఫీసులో పని చేస్తుంది. దానికీ చెప్పాను. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు నా సినిమా సంగతి ఎత్తి తననేమని పిలిచి ఏడిపించేవాళ్ళో చెప్పింది. అన్నేళ్ళూ నా దగ్గర దాచిన పేరు అది. "ఇప్పుడిప్పుడే అందరూ మర్చిపోయారమ్మా. నువ్వే మళ్ళీ గుర్తు చేస్తావా?" అంది. కత్సుహికో బాధ వేరు. నేను రానని తను చెప్పేశాక నేను వెళితే తన మాటకేం విలువ అన్నాడు. రేపు చేపలెవరు కోస్తారన్నాడు.

"మీ చేతి చేపే కదా, మీరే కొయ్యండి" అని రైలెక్కాను.

టోక్యోలో వాళ్ళ ఆఫీసు ఇరుకు మెట్ల మేడ మీద ఉంది. చిన్న గది, పెద్ద తెర, మైకు. నాగమినెకి నలభై ఉంటాయేమో. శబ్దం చూసుకునే అమ్మాయి తొదా అతని కంటే చాలా చిన్నది. ముందు ఒకసారి ఊరికే చూద్దాం, తర్వాత మాట్లాడుదురుగాని అన్నాడు. ఆ సినిమా నేనెప్పుడూ చూడలేదని అప్పుడు చెప్పాను. అతను నమ్మలేనట్టు చూశాడు.

బొమ్మ నిజంగానే స్పష్టంగా వచ్చింది. చీకటి మరకలు, గీతలు అన్నీ పోయాయి. ఉప్పు బస్తాల పీచు కూడా కనబడుతోంది. తెర మీది పిల్ల నాలా లేదు, మా మిసావొలా ఉంది. అప్పుడు ఆ కొట్టం సన్నివేశం వచ్చింది.

తాడు వదులుగా కడతామన్నారు, బిగించారు. తల ఊపితే ఆపుతామన్నారు. ఊపాను. ఆపలేదు. నాకు తెలియకుండా డైరెక్టరు ఎదుటి నటుడితో ముందే మాట్లాడుకున్నాడు. అతని చేతులు మేమనుకున్న హద్దు దాటాయి. గదినిండా ఉన్న మగవాళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు, షాటు బాగా వస్తోందని. స్క్రిప్టులో అక్కడ నేను 'నన్ను వదలకు' అనాలి. నేనది అనలేదు. అయితే అప్పట్లో షూటింగులో శబ్దం పట్టేవాళ్ళు కాదు. అంతా అయ్యాక బొమ్మ చూసుకుంటూ ఒక గదిలో మాటలు చెప్పేవాళ్ళం. ఆ చోటు వచ్చినప్పుడు, పెదవులు కలవడం లేదండీ, నేనక్కడ వేరే మాట అన్నాను అని హిరాకుబొకి చెప్పాను. "జనం చూసేది నీ పెదవుల్ని కాదులే" అన్నాడు. అందరూ నవ్వారు. మైకు నా నోటి దగ్గరికి జరిపారు. 'నన్ను వదలకు' అన్నాను. బాగా అనేవరకూ మళ్ళీ మళ్ళీ అనిపించారు.

ఆ మాటే సినిమాకి పేరు తెచ్చింది. మా ఆయన్ని షిజువోకా దాకా రప్పించింది.

రెండోసారి సినిమా వేసి, మాటలు పట్టడం మొదలుపెట్టారు. నాగమినె అడుగుతుంటే చెబుతూ పోయాను. బస్తాల్లో అడుగున అంతా రంపపు పొట్టేనని, పైన మాత్రమే ఉప్పని, ఒక పిల్లి వచ్చి నిద్రపోతే లేపడం ఇష్టంలేక షూటింగు ఆపేశారని చెప్పాను. పిల్లి కోసం ఆపారు. అంతలో కొట్టం తలుపు మూసుకుంది. తెర మీది పిల్ల నోరు తెరిచే సమయానికి మైకు దగ్గరికి వంగి, ఆమె పెదవులతోపాటే అన్నాను.

"హిరాకుబొగారూ, ఆపండి. చేతులు నొప్పెడుతున్నాయి. ఆపండి."

గొంతు ముసలిది. పెదవులు మాత్రం సరిగ్గా కలిశాయి.

"అక్కడ డైలాగు అది కాదు కదండీ" అన్నాడు నాగమినె, అయోమయంగా.

"డైలాగు కాదు. ఆ రోజు నేనన్న మాట."

తొదా ఎవరినీ అడక్కుండా బొమ్మను వెనక్కి తిప్పింది. శబ్దం పూర్తిగా తీసేసి వేసింది. ఇంకోసారి వేసింది. నాగమినె, కాలేజీ రోజుల నుంచీ ఈ సినిమా చూస్తున్నానని, ఈ సన్నివేశం రాగానే ప్రతిసారీ తనకి, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ప్రతిసారీ ఏమనిపించేదో నేను అడగలేదు.

తర్వాత ఇబ్బందిగా, డైరెక్టరు ఇప్పుడు లేరని, ఆయన బదులు చెప్పుకోలేరని, స్టూడియో ఒప్పుకోకపోవచ్చని అన్నాడు. ఆ సన్నివేశానికి చాలా కష్టపడ్డాను అని చెబితే సరిపోదా అని అడిగాడు.

"కష్టపడ్డానంటే మళ్ళీ నటనే అయిపోతుంది బాబూ" అన్నాను. "ఉంచితే ఇది ఉన్నదున్నట్టు ఉంచండి. లేదంటే నా గొంతు మొత్తం తీసేయండి. పిల్లి కబురు కూడా."

స్టూడియోవాళ్ళతో అతను ఏమని పోట్లాడాడో నాకు తెలియదు. చలికాలానికి ముందు, ఆకులు ఎర్రబడే వేళకి డిస్కు వచ్చింది. మాట ఉంది.

మా ఆయన ముందు గదిలో తలుపు వేసుకుని చూశాడు. నా గొంతు పెట్టుకుని చూశాడో లేదో చెప్పలేదు. తర్వాత కొన్నాళ్ళు నా ముఖంలోకి చూడలేదు. ఒకసారి ఏదో అనబోయి గడప దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు. మిసావొ ఫోను చేసింది. "విన్నానమ్మా" అంది. "బాగా నొప్పెట్టాయా చేతులు?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బాగా నొప్పెట్టాయే అని చెప్పి, ఫోను పట్టుకునే ఏడ్చాను. అటు అదీ ఏడ్చింది.

తర్వాత నాగమినె ఫోను చేశాడు. డిస్కు బాగానే పోతోందట, కానీ కొనుక్కున్నవాళ్ళలో కొందరు కోపంగా రాస్తున్నారట. అవి చదివి మీరెందుకు బాధపడడం అన్నాడు. చదవమని పట్టుబట్టాను. కాస్త నసిగి ఒకటి చదివాడు.

"'కుర్రతనం నుంచీ ఈ సినిమా అంటే నాకు ప్రాణం. ఆ ముసలావిడ మాట విన్నాక ఆ సన్నివేశం ఇక చూడలేకపోతున్నాను. ఇన్నేళ్ళ నా ఆనందాన్ని పాడుచేసింది.'"

"ఇంకోసారి చదవండి" అన్నాను.

చదివాడు. కళ్ళు మూసుకుని విన్నాను. ఇన్నేళ్ళలో ఆ సినిమా గురించి నేను విన్న మొదటి మంచి మాట అదే.