మూడో కిటికీ దగ్గరి గాలి

ల్యాబులోని గాలిగొట్టం మూడో కిటికీ మూత విప్పి, అంబదాస్ మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. పన్నెండు నూలు పోగుల్ని లోపలి గోడకు ఒక్కొక్కటిగా అంటించాడు. చెయ్యి తీసి, మూత బిగించి, బ్లోయరు మీట నొక్కాడు. గొట్టం సన్నగా వణికింది. మొదటి కిటికీలో పోగులు నిటారుగా ముందుకు సాగి అల్లాడాయి. రెండో దానిలోనూ అంతే. మూడో దానిలో మాత్రం పన్నెండూ లేచి, మెల్లగా వెనక్కి తిరిగి, గాలి వచ్చే వైపుకే తోకలు చాపాయి.

అతను పెదవి విరిచాడు. ప్రతివారం ఇదే సంగతి. పోగు పురి సరిగా లేదో, తన అంటింపులో వంకర ఉందో. బ్లోయరు ఆపి, ఎండితే కనబడని తుమ్మబంకలో చిన్న కుంచె ముంచి, పోగుల తోకల్ని కూడా ముందువైపుకు దువ్వి గోడకు అద్దాడు. ఇప్పుడు వరుస కుదిరింది. ప్రాచి మేడం వచ్చేసరికి వంకర కనబడకూడదు.

అది పన్నెండడుగుల పొడవున్న చదరపు గొట్టం. నాలుగు వైపులా గాజులాంటి ప్లాస్టిక్ పలకలు. ఒక కొసన నడిమధ్యలో వేలంత నాజిల్. అందులోంచి గాలి బాణంలా దూసుకొస్తుంది. చుట్టూ నెమ్మదిగా కదిలే గాలిని లాక్కుని, తనలో కలుపుకుంటూ, వెడల్పవుతూ పోతుంది. ఆ కలయిక గోడల మధ్య ఎట్లా జరుగుతుందన్నదే ప్రాచి పరిశోధన. ఈ సంగతి అంబదాస్‌కు తెలియదు. దారాలు అంటించమన్నారు, అంటించాడు. ఎందుకని అడగడం అతనికి అలవాటు లేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

కాలేజీకి రాకముందు అతను పంతొమ్మిదేళ్ళు బట్టల మిల్లులో ఉన్నాడు. మగ్గం దిగిన బట్ట తాను ఏటవాలు బల్ల మీద జారుతుంటే, వరుస తప్పిన పోగును వేళ్ళతోనే కనిపెట్టి కత్తిరించేవాడు. అంబదాస్ చేతి కిందినుంచి పోయిన తానులో తప్పుండదని జమాదారు ఒకసారి నలుగురి ముందు అన్నాడు. ఆ ఒక్క మాటను అతను పెళ్ళిబట్టలా దాచుకున్నాడు. మిల్లు మూతపడ్డాక ఆ వేళ్ళకు ఏం తెలుసని ఎవరూ అడగలేదు. అవి మాత్రం ఊరుకోలేదు. బస్సులో ముందు కూర్చున్నవాడి భుజం మీద పోగు కనబడినా లాగేసేవి. "నీ చేతులకు తీట" అని గంగుబాయి తిట్టేది. పెళ్ళాం తిట్టినా అందులో కొంచెం గర్వం వినబడేది అతనికి.

పదిన్నరకు ప్రాచి వచ్చింది. కుండల్‌వాడి ఊరి పిల్ల, ఇరవయ్యేడేళ్ళు ఉంటాయి. ఈరోజు భుజాన సంచి దించలేదు.

"బ్లోయరు బెట్టు కాకా. ఒక్కసారి సూశి పోత."

"ఏడికి బిడ్డా?"

"ఇంటికే. దెగ్లూర్‌ల ఒక స్కూల్ల జాగా ఖాళీ ఉన్నదట. రెండింటి బస్సుకు పోత."

"మరి గీ పని?"

"ఐపోయింది. నాతోని కాదని రాసిచ్చిన. గీ గొట్టాన్ని గూడ ఇయ్యాల్నే కోసేస్తరట, కంప్యూటర్లు పెడ్తరట ఈడ."

అంబదాస్ మీట నొక్కాడు. గాలి రొద పెరిగింది. ఆ రొదలో అడిగితే అడిగినట్టు ఉండదనుకున్నాడేమో, "ఎందుకు కాదు?" అన్నాడు.

ప్రాచి నవ్వింది. "మూడేండ్లకు ఒక సవాలు అడిగినవ్ కాకా. ఇగ పొయ్యేనాడు." మూడో కిటికీ మీద వేలు పెట్టింది. "నా లెక్క ప్రకారం ఈడ గోడ పొంటి గాలి ఎనకకు తిరగాలె. నడుమ ధార జోరుగ పోతుంటె, కలుపుకునేటందుకు దానికి గాలి సాలదు. ముందలి గాలిని ఎనకకు గుంజుకుంటది. గోదారికి వరద అచ్చినప్పుడు సూడలేదా? నడుమ నీళ్ళు కిందికి ఉరుకుతుంటె, ఘాటు మెట్లకాడ ఇస్తరాకులు ఎదురు వోతయి."

"సూశిన."

"గట్లనే. గని మన పోగులు సూడు, అల్లాడనే అల్లాడయి. లెక్కనే తప్పన్నడు మా గైడు సారు. సూశి సూశి నాగ్గూడ గంతే అనిపిచ్చింది."

అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొద్దుటి బంక ఎండి, చర్మాన్ని లాగుతోంది. ఆ వేళ్ళను అతను రెండో చేత్తో కప్పుకున్నాడు.

"బిడ్డా, గా పోగులు..."

"గా పోగులు నువ్వు గాక ఎవలు అంటిస్తుండె? నా లెక్క తప్పు, నా చదువు తప్పు. ఈ ల్యాబుల తప్పు జేయని మనిషివి నువ్వొక్కనివే కాకా."

ఆ మాట మళ్ళీ ఎవరైనా అంటారని అతను ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఇవాళ వచ్చింది. నోట్లో ఉన్న మాట వెనక్కి పోయింది. ఆమె చాయ్ తాగాక చెప్దామనుకున్నాడు. బీరువా తాళం అప్పగించాక చెప్దామనుకున్నాడు. సంచి మోసుకుంటూ గేటు దాకా వెంట నడిచి, అక్కడ చెప్దామనుకున్నాడు. గేటు దగ్గర ఆమె సంచిలోంచి తను లెక్కలు రాసుకున్న లావుపాటి పుస్తకం తీసి, "గిది రద్దీ కాయితాలల్ల ఏసెయ్యి" అని చేతిలో పెట్టింది. వంగి కాళ్ళకు మొక్కింది.

"మంచిగ పో బిడ్డా" అన్నాడు అంబదాస్.

రిక్షా మలుపు తిరిగింది.

తిరిగొచ్చి, మూడో కిటికీ మూత విప్పి, పోగుల తోకల్ని గోటితో ఒక్కొక్కటే ఊడదీశాడు. మూత పెట్టి మీట నొక్కాడు. మొదట ఒకటి లేచింది. తర్వాత రెండు. కాసేపటికి పన్నెండూ వణుకుతూ, గాలికి ఎదురుగా తిరిగి నిలిచాయి. పురిలో తప్పు లేదు. అంటింపులో వంకర లేదు. మూడేళ్ళుగా అవి ఉన్నదే చెప్పబోయాయి.

గోడ గడియారంలో ఒంటిగంటా పది. ఇప్పుడు బయల్దేరితే బస్టాండులో అందుతుంది. తలుపు దగ్గరికి వచ్చి కుడికాలు చెప్పులో పెట్టాడు. అందితే ఏమనాలి? ఆ కళ్ళు తనను ఎట్లా చూస్తాయి? చెప్పిన తర్వాత తను ఎవరవుతాడు? ఎడమకాలు గడప మీదే ఉండిపోయింది. అట్లాగే నిలబడ్డాడు. లోపల గాలి రొద పెడుతూనే ఉంది. ఒకటిన్నర అయింది. రెండు కొట్టింది.

తర్వాత కాసేపటికి వడ్రంగి లింగన్న రంపంతో వచ్చాడు.

"ఏంది కాకా, ఒంటిచెప్పు మీద తపస్సు చేస్తున్నవ్? దేవుడు ఏ వరమిస్తనన్నడు?"

అంబదాస్ పక్కకు జరిగాడు. "లింగన్నా, గా పోగులను ఒక్కపారి సూడు."

"దారాలే గద" అని లింగన్న బ్లోయరు ఆపేశాడు. పోగులన్నీ ఒకేసారి కిందికి వాలాయి. ఎటు తిరిగి ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు. రంపం ప్లాస్టిక్‌లోకి దిగింది.

అంబదాస్ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం తెరిచాడు. ఆ భాష రాదు, అంకెలు వచ్చు. మూడో వరుసలో, మూడో కిటికీదే అయ్యుండాలి, ప్రతిరోజూ సున్న. కొన్నిచోట్ల పదేపదే చెరిపి, మళ్ళీ సున్నే పెట్టినందుకు కాగితం పలచబడి అవతలి వెలుతురు కనబడుతోంది. చివరి పేజీలో ఆమె పెన్సిలు ఉండిపోయింది, అరచేతి పొడవు కూడా లేదు. వెనక కొసన పసుపు రంగు లేచిపోయి, అంతా పంటిగాట్లు.