తల లేని కాగితం

కమ్యూనిస్టుల కోసం పోలీసులు ఊళ్ళో క్యాంపు వేసి నెల రోజులయింది. అప్పటి నుంచి సంతోషమ్మ తనకు చదువు వచ్చన్న సంగతి ఎవరి దగ్గరా ఎత్తడం లేదు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివిన మనిషి, ఆదివారం ప్రార్థనలో కూడా బైబిలు తెరవకుండా నోటికి వచ్చిన కీర్తనలే పాడి వస్తోంది. పక్క ఊళ్ళో ఎవరో ఒకతను పదిమందికీ కమ్యూనిస్టుల కాగితాలు చదివి వినిపించాడని పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

అది యాభయ్యో సంవత్సరం. మిరుగం కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. పొద్దున్నే జొన్నలు దంచుతుంటే వాకిట్లోకి జవాను వచ్చాడు.

"మొగిలి పెండ్లానివి నువ్వేనా? నీ మొగడు క్యాంపుల ఉన్నడు. నీకు చదువొస్తదట. నడువు."

రోకలి ఆమె చేతిలోనే ఆగిపోయింది. అత్త కొమురవ్వ లోపలి నుంచి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని, చెవిలో "రాదని చెప్పు బిడ్డా, గదే మాట మీద ఉండు" అంది. కానీ వస్తుందని చెప్పింది మొగిలే అయి ఉంటాడు. ఇప్పుడు రాదంటే అతను అబద్ధం చెప్పినట్టవుతుంది. దారి పొడుగునా సంతోషమ్మకు ఎటూ పాలుపోలేదు.

ఊరు విడిచి పట్నం చేరిన పట్వారీ ఇంట్లోనే క్యాంపు. వసారాలో మొగిలిని స్తంభానికి కట్టేసి ఉంచారు. పెదవి వాచింది. తలరుమాలు విప్పి కింద పడేశారు. దాని చుట్టూ పొగాకు పొడి చెల్లాచెదురుగా పడి ఉంది. అతను పెళ్ళాన్ని చూసి తల దించుకున్నాడు.

"విత్తనాలు అమ్మేకాడ ఎవలో గీ కాగితాలు అందరికి పంచుతుంటే ఒకటి తీస్కున్న. పొగాకు మూట కట్టుకుందామని. పై ముక్క చుట్టకు చింపిన. నాకేం ఎరుక అండ్ల ఏమున్నదో? మా ఆమెతోని చదివియ్యుండ్రి సాబూ అన్న."

బల్ల వెనక కూర్చున్న అమీన్‌కు, ఆ క్యాంపు పెద్దకు, తెలుగు రాదు. నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన జవాను ఒకడు కూడబలుక్కుని చదివి, ఆయనకు అప్పటికే ఉర్దూలో అర్థం చెప్పాడు. ఆ అర్థమే మొగిలిని స్తంభానికి కట్టించింది. అమీన్ కాగితాన్ని సంతోషమ్మ వైపు తోశాడు.

పైభాగం లేదు. కింది వరసలు చెమటకు కరిగిపోయాయి. మధ్యలో ఆరు వరసలు మిగిలాయి. ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"తొలకరి కురిసిన మూడవ దినము మొదలు ప్రతి గట్టు మీదను మంటలు వేయవలెను. ఊరివారందరును ఒకే రాత్రి కలసి చేయవలెను. ఒకరు చేసి ఒకరు మానిన ఫలితము లేదు. మంట క్రింద వెడల్పయిన పళ్ళెములో నీరు పోసి ఉంచవలెను. పొలిమేర చుట్టును కందకము త్రవ్వవలెను. దాటి వచ్చు వాటిని ఒక్కదానిని కూడ ప్రాణముతో విడువరాదు."

చదువుతున్నకొద్దీ అది ఆమెకే దాడికి పిలుపులా వినిపించింది. మంటలు, కందకం, ప్రాణం. ఇంకేం కావాలి వీళ్ళకు?

అమీన్ ఏదో అడిగాడు. జవాను తెలుగులో చెప్పాడు. "మాటలకు అర్థం నేను చెప్పిన. గిది మొత్తం దేనికి రాసిండ్రో నువ్వు చెప్పాలె. అబద్ధం చెప్తే ఇద్దరు కలిసే పోతరు."

బడిలో పంతులమ్మ కూడా పాఠం కాగానే ఇదే అడిగేది. సంతోషమ్మ మొదటి వరసే మళ్ళీ అప్పజెప్పేది, అరచేతి మీద దెబ్బ తినేది. ఇప్పుడు మొదటి వరస చెబితే మొగిలి ప్రాణం పోతుంది. ఆమె కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఆఖరి వరస దగ్గర ఆగింది.

"సాబూ, గిది మనుషుల గురించి కాదు. మనుషులైతే వారిని అని రాస్తరు. గీడ వాటిని అని ఉన్నది."

జవాను తడబడ్డాడు. అతని ఉర్దూలో మనిషికైనా గొడ్డుకైనా 'ఉన్‌కో' ఒకటే. ఈ తేడా అమీన్‌కు చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. అమీన్ నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి గట్టిగా ఏదో అన్నాడు.

"మమ్ముల కుక్కలని తిట్టిండ్రేమో అంటుండు సాబు."

మొగిలి నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. సంతోషమ్మ మళ్ళీ కాగితంలోకి చూసింది. మంట కింద నీళ్ళెందుకు? తగలబెట్టేవాడు నీళ్ళు ఎందుకు పెట్టుకుంటాడు? ఆ మాట మనసులో అనుకోగానే తమ ఇంట్లో దీపం కింది పళ్ళెం కళ్ళ ముందు మెదిలింది.

"సాబూ! తొలకరి పడంగనే దీపానికి ఉసిళ్ళు రావా? కింద నీళ్ళ పళ్ళెం పెడితే అండ్ల పడి సస్తయి. గిది గసొంటిదే. ఆముదం ఆకు తినే బొంతపురుగు ముందుగాల రెక్కల పురుగై వస్తది. మంటకు వచ్చి నీళ్ళల్ల పడాలె. మిగిలినయి చేన్ల మీదికి పాకి వస్తయి, వాటికే కందకం. ఆముదం చేను కాపాడుకునేటందుకే గీ కాగితం రాసిండ్రు. ఇంకేం లేదు."

జవాను ముఖం మారింది. "మా ఇంట్ల కూడ మా అవ్వ పెడ్తది, దీపం కింద నీళ్ళు" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత ఉర్దూలో అమీన్‌తో ఆగకుండా చాలాసేపు మాట్లాడాడు. అమీన్ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. 

మొగిలి కట్లు విప్పారు. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అమీన్ ఆమె పేరు, అత్త పేరు, ఇల్లు ఎక్కడో అడిగి రాసుకున్నాడు. ఎందుకని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"నిన్ను నేనే ఇరికిచ్చిన" అన్నాడు మొగిలి దారిలో.

"ఇంకెన్నడు చెప్పకు, నాకు చదువొస్తదని."

ఆరో రోజున తొలకరి పడింది. మొగిలి ఇరుగుపొరుగుకు మంటల సంగతి చెప్పి చూశాడు. అందరూ క్యాంపు వైపు చూసి తలలు అడ్డంగా ఊపారు. ఒకే రాత్రి ఊరి గట్లన్నీ మండితే పోలీసులు ఊరుకుంటారా? మూడో నాడు చీకటి పడ్డాక ఏ గట్టు మీదా నిప్పు రవ్వ కనిపించలేదు. సంతోషమ్మ కూడా ఇంట్లో దీపం తొందరగానే ఆర్పేసింది.

నెల తిరగకముందే ఆముదం చేలలోకి బొంతపురుగు దిగింది. ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగలలేదు. సంతోషమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని పురుగుల్ని ఏరి కుండలో వేస్తోంది. గుడ్డలోంచి కూడా వాటి నూగు గుచ్చుకుని వేళ్ళు మండుతున్నాయి. క్యాంపు వైపు నుంచి బాట మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె తల ఎత్తలేదు, చెయ్యీ ఆపలేదు.