పెయింటర్ గారి ఫాంటు

ముప్పై ఏళ్లపాటు ఊళ్లో ఏ దుకాణం తెరిచినా బోర్డు పెయింటర్ గారు రాయాల్సిందే. ఇప్పటికీ ఊరినిండా ఆయన అక్షరాలే. కాకపోతే ఆయనకు బ్రష్షు పట్టే పని తగిలి నాలుగేళ్లు దాటింది.

ఇదంతా అల్లుడి ఘనకార్యం. అల్లుడికి ఫ్లెక్సీలు వేసే షాపుంది. ఒకరోజు పొద్దున్నే తెల్ల కాగితాల కట్ట పట్టుకొచ్చి, "మామయ్యా, అచ్చులూ హల్లులూ గుణింతాలూ ఓసారి బ్రష్షుతో రాసిపెట్టండి, గుర్తుగా ఉంటాయి" అన్నాడు. మామగారు మురిసిపోయి, చేతికందిన పాత బ్రష్షుతో గబగబా లాగించేశాడు. వెంట్రుకలు విడిపోయి 'ల' తోక రెండుగా చీలింది.

"ఉండు, ఇది మళ్లీ రాస్తాను."

"అదే అందం మామయ్యా!" అంటూ అల్లుడు కాగితాలు చంకన పెట్టుకుపోయాడు. ఆ అక్షరాలు కంప్యూటర్లోకెక్కి 'మామయ్య బ్రష్' అనే ఫాంటయ్యాయి.

ఇక చూసుకోండి. మందుల షాపు మీద అదే, ఐస్‌క్రీం బండి మీద అదే, చనిపోయినవాళ్ల ఫోటోల కింద అదే. ఎక్కడ చూసినా ఒకే తోక, ఒకే చీలిక. చిన్న తప్పు దొర్లినా తుడిచి మళ్లీ రాసే మనిషికి, తన తప్పు ఊరంతా వేలాడుతుంటే తలెత్తి నడవబుద్ధయ్యేది కాదు.

అందుకే కూతురు బట్టలు కుట్టే దుకాణం పెడుతోందనగానే నోరు తెరిచి అడిగాడు. "ఆ ఒక్క బోర్డూ నన్ను రాయనీవే అమ్మా. చేత్తో."

"నువ్వు కాక ఇంకెవరు రాస్తారు నాన్నా?" అంది కూతురు.

కొత్త బ్రష్షు కొన్నాడు. రేకుకు రెండు పూతలు వేసి, ఆరాక సుద్దతో గీతలు తీశాడు. దుకాణం పేరులో మూడు 'ల'లున్నాయి. మొదటిది విశాలంగా, నడిమిది పక్క అక్షరానికి చోటిస్తూ కాస్త ఒదిగి, చివరిది తోక సాగదీసి రాశాడు. ఏ రెండూ ఒకలా లేవు. దూరం జరిగి చూసుకుంటే కళ్లు చెమర్చాయి.

దుకాణం తెరిచే రోజు కూతురు వచ్చి బోర్డు ముందు కాసేపు నిలబడింది.

"బాగుంది గానీ నాన్నా... నీ అక్షరంలా లేదు."

"ఏమిటే?"

"నీ 'ల' ఇలా ఉండదుగా. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఎవరో నిన్ను చూసి రాసినట్టుంది. ఏమీ అనుకోకు, ఆయనకు చెప్పి నీ అక్షరాలతోనే ఫ్లెక్సీ వేయించేశాను."

అల్లుడు నిచ్చెనెక్కి ఫ్లెక్సీ బిగిస్తుంటే, కింద నిచ్చెన కదలకుండా పట్టుకుంది పెయింటరే. ఎదురు షాపాయన వచ్చి, ఫ్లెక్సీ వంక చూసి, ఆయన భుజం తట్టాడు.

"ఎంతైనా మీ చెయ్యి మీ చెయ్యేనండీ! కూతురి బోర్డని ప్రాణం పెట్టి రాసినట్టున్నారు."

కూతురు గర్వంగా నవ్వుతూ తండ్రి వంక చూసింది. ఆ నవ్వు చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురు ఎవరో పరాయి మనిషిలా కనిపించింది. అయినా ఆ నవ్వు చెరపడానికి మనసు రాలేదు.

"అవునండీ, నేనే రాశాను" అన్నాడు.