వంతెన దాటని లారీ

క్వారీలో రెండు వేళ్లు పోగొట్టుకున్న పెద్దమ్మను ఎన్నికల గుమస్తా కిటికీ దగ్గరే ఆపేశాడు. వెనుక మేమందరం నిలబడి ఉన్నాం.

"ఒకే జిల్లాలో ఆరు నెలలుంటేనే ఓటు. నువ్వు పోయినసారి ఐదో నెల్లోనే వాగు అవతలి జిల్లాకి పోయావు. మళ్లీ ఇటొచ్చి ఇంకా ఆరు నెలలు నిండలేదు."

"నేను పోలేదు బాబూ. కాంట్రాక్టరు తోలుకుపోయాడు."

"ఎవరు తోలినా అంతే."

గోడ మీద రాష్ట్ర పటం. తక్కిన జిల్లాల్లో నూటికి డెబ్బైమంది ఓటర్లు. వాగుకు అటూ ఇటూ ఉన్న మా క్వారీ జిల్లాల్లో ముప్పై.

"మీ దగ్గర పిల్లలెక్కువేమో," గుమస్తా నవ్వాడు.

"క్వారీలో పిల్లల్ని ఉండనిస్తేగా," అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం రేకుల షెడ్డులో మంచాల మీద కూర్చున్నాం. ఆరు నెలలు నిండకముందే ఇటువాళ్లను అటు, అటువాళ్లను ఇటు ఎందుకు మారుస్తున్నారో అప్పుడు తెలిసింది. మారిన ప్రతిసారీ రెండు రోజుల సెలవు దొరికేది. లారీలో పాటలు పాడుకుంటూ వెళ్లేవాళ్లం.

"ఓటొస్తే రాయి మెత్తబడుద్దా పెద్దమ్మా?" డ్రిల్లు పట్టే బావ ఎకసెక్కెమాడాడు.

"రాయి సంగతి సరే. దుమ్ముతో దగ్గుతున్నాం, ఆసుపత్రి పెట్టించమని అడిగితే ఓట్లడిగే పెద్దమనిషి ఏమన్నాడు?"

బావ తల వంచుకున్నాడు. "మీరు నాకేమవుతారన్నాడు."

"ఇంకో వారం ఇక్కడే ఉంటే ఆరు నెలలు నిండుతాయి. అప్పుడు ఏదో ఒకటవుతాం."

మర్నాడే లారీ వచ్చింది. ఎక్కమన్నాడు మేస్త్రీ. ఎవరూ కదలలేదు. బావ లారీ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "ఎక్కించు మేస్త్రీ, మమ్మల్ని లారీ మీదకా, లారీని నా మీదకా?"

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. పెద్దమ్మనూ బావనూ జీపులోకి నెట్టారు. కాంట్రాక్టరు ఎస్సై చెవిలో ఏదో ఊదాడు. జీపు ఊరి స్టేషను వైపు తిరగలేదు. వాగు మీది వంతెన వైపు తిరిగింది.

పరుగెత్తాం. అడ్డదారిన బండలెక్కి, చీరలు చిరిగి, ఊపిరి ఎగదన్ని, జీపుకన్న ముందు వంతెన చేరి బైఠాయించాం.

"ఈ జిల్లా జైల్లోనే పెట్టండి," జీపులోంచి పెద్దమ్మ గొంతు ఖంగుమంది. "ఆరు నెలలూ అక్కడే నిండుతాయి."

లాఠీ లేచింది. దెబ్బ పడింది. లేచినవాళ్లు లేరు. అప్పుడు వంతెన అవతలి కొసన దుమ్ము రేగింది. మా చోటికి తోలబడుతున్న కూలీలు తమ లారీ దిగి, నడిచొచ్చి, తమ గట్టునే బారులు తీరి కూర్చున్నారు.

ఎస్సై అటు చూశాడు, ఇటు చూశాడు. జీపు వెనక్కి తిప్పమన్నాడు.