లినక్సోళ్ల బల్ల

కోకోమ్ తెచ్చిన టీషర్టుల మూటను హెర్లాన్ వరండాలో నేల మీద గుమ్మరించినప్పుడు బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు.

"అక్షరాలు ఎలా జారిపోయాయో చూశావా? ఇవి తొడుక్కుని జనం ఆగస్టులో స్వాతంత్ర్య పండక్కి జెండా ఎగరేస్తారా?" అన్నాడు హెర్లాన్. ఒక చొక్కాను కాలితో పక్కకు నెట్టాడు.

"రెండు రోజులు ఈ బల్ల మీదే కూర్చున్నాను బాస్. నా వంతు రాలేదు. గడువు ముంచుకొస్తోందని ఇంట్లో నా మిషను మీదే అచ్చుకు ఫిల్ములు తీశాను."

"నీ మిషను మీద తీస్తే ఇలాగే ఏడుస్తుంది. లినక్సోళ్లు లినక్సోళ్లలాగే ఉండాలి. బల్ల మీద కూర్చోవాలి, పిలిస్తే రావాలి. ఈ బట్ట ఖర్చు నీ కూలిలో కోసుకుంటాను."

కోకోమ్ జుట్టు నెరిసిన మనిషి. అచ్చు చట్రాల మీద రంగు లాగీ లాగీ ఆమె కుడి భుజం ఒక పక్కకు వాలిపోయింది. నేల మీద కూర్చుని చొక్కాలు ఏరుకుంటోంది. బల్ల చివర ఉన్న నినింగ్ అదంతా చూసింది. ఆమెలో ముందు పుట్టింది కోపం కాదు. కోకోమ్ పని పోతే తన వంతు ఒకటి ముందుకు జరుగుతుందన్న సంతోషం. పక్కవాళ్ల మొహాల్లోనూ అదే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. దోచుకునేవాడు మన కడుపు కొట్టి ఊరుకోడు, మనలో మనకు కడుపుమంట కూడా పెడతాడు.

బాండుంగ్ ఊళ్లో ఆ సందంతా టీషర్టుల మీద అచ్చు వేసేవాళ్లే. బొమ్మలో ఎన్ని రంగులుంటే అన్ని ఫిల్ములు తీయాలి, రంగుకొక గుడ్డ బిగించిన చట్రం కట్టాలి. బొమ్మలన్నీ హెర్లాన్ దగ్గర్నుంచే వస్తాయి. అవి పేరున్న ఒక డిజైను సాఫ్ట్‌వేర్‌లో తప్ప మరెక్కడా సరిగ్గా తెరుచుకోవు. దానికి నెలనెలా అద్దె కట్టాలి. కట్టలేక ఒకప్పుడు సందు సందంతా దొంగ కాపీలు వాడింది. పోలీసులొచ్చి కంప్యూటర్లు మోసుకుపోయారు. తర్వాత కొందరు కాలేజీ విద్యార్థులు వచ్చి, మిగిలిన పాత మిషన్ల మీద, వాటిని నడిపించే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చారు. దానికి అద్దె లేదు, దొంగతనమన్న భయం లేదు. కానీ ఆ డిజైను సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. లినక్స్‌కూ వస్తుంది, అడుగుతూ ఉండండి అన్నారు విద్యార్థులు.

అడిగారు. ఎవరికి వాళ్లు కంపెనీ వెబ్‌సైటుకు వెళ్లి లినక్స్‌కు కావాలని ఓటు వేసొచ్చారు. మీ ఆసక్తిని గమనించాం అని జవాబు వచ్చింది. ఏటా కొత్త వెర్షను వచ్చేది, ఖరీదైన మిషన్లవాళ్లకు వచ్చేది. చివరికి చేతిలో పట్టే ఫోనుకు కూడా వచ్చింది. ఆ రోజు నినింగ్ ఫోనున్నవాళ్లందరినీ చూసి ఏడ్చింది. హెర్లాన్ మాత్రం అద్దె కట్టి ఒక కాపీ తెచ్చి ముందు గదిలో పెట్టాడు, వరండాలో బల్ల వేశాడు. లినక్స్‌కు వచ్చేదాకా నా మిషను వాడుకోండి అన్నాడు. వాడుకున్నందుకు కూలిలో కోత.

ఆ బల్ల ఎక్కనివాడు సందులో ఒక్కడే. నినింగ్ ఎదురింటి జాజంగ్. అతను గుట్టుగా మళ్లీ దొంగ కాపీ పెట్టుకున్నాడు. అతని తలుపు తెరిచి ఉంటే నినింగ్‌కు తెర కనిపించేది. అక్షరాలు ఎక్కడివక్కడ, రంగులు దేనికది. తన ఇంట్లో అదే బొమ్మ తెరిస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, రంగులన్నీ ఒకే ముద్దయిపోయేవి. అతని మిషను డబ్బా మీద పడ్డ గీతలు కూడా ఆమెకు కంఠతా వచ్చు.

"నీ లినక్సు పెళ్లికొడుకు ఇంకా బయల్దేరలేదా నినింగూ?" అనేవాడు జాజంగ్.

"పోలీసులొస్తే తెలుస్తుందిలే నీకు."

"వస్తే రానీ. అందాకా నేను అన్నం తింటా, నువ్వు బల్ల మీద గాలి మెయ్యి."

కోకోమ్‌ను అవమానించిన రోజే హెర్లాన్ నినింగ్‌ను లోపలికి పిలిచాడు. మిషను ముందు కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంకో కాపీ తెస్తున్నాను. నీ ఇంట్లో పెడదామనుకుంటున్నా. అప్పుడు వీళ్లంతా నీ గుమ్మంలో పడిగాపులు కాస్తారు."

నినింగ్ కుర్చీ ముందుకు లాక్కుంది. "నేనేం చెయ్యాలి బాస్?"

"మీ ఎదురింట్లో దొంగ కాపీ ఉందని స్టేషన్లో ఒక్క మాట. నేను చెబితే బాగోదు, ఇరుగుపొరుగు చెప్పాలి. ఆలోచించుకో." ఫోను మోగితే బయటికి వెళ్లాడు.

ఆమె బొమ్మ తెరిచింది. అక్షరం కదల్లేదు. ఇంత తేలికైన పని కోసమా ఇన్నేళ్లు కాచుకున్నదని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫిల్ములు తీసి మూసేయబోతుంటే చెయ్యి తడబడి, బొమ్మను మరో రకం ఫైలుగా దాచుకునే పట్టీ తెరుచుకుంది. అందులో, తన ఇంటి మిషను తెరవగలిగే రకం కూడా ఉంది. ఒకసారి నొక్కి, ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి జేబులో వేసుకుని వచ్చింది. ఇంట్లో తెరిస్తే జాజంగ్ తెర మీద ఉన్నట్టే ఉంది. రంగులు కూడా వేరువేరుగా వచ్చాయి.

అంటే హెర్లాన్ ఒక్క నొక్కు నొక్కి ఇస్తే బల్లతో పనే లేదు. ఇంత కనిపెట్టిన మనిషి ఏం చెయ్యాలి? సందులోకి పరుగెత్తి అందరికీ చెప్పాలి. నినింగ్ చెప్పలేదు. తనకొక్కదానికే తెలిసింది, తనకొక్కదానికే మిషను వస్తోంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మురిసిపోతూ సాయంత్రం సందు మొదట్లో బజ్జీల బండి దగ్గరికి వెళ్లింది.

అక్కడ సందంతా ఉంది. కోకోమ్ విషయం మీద గొడవ నడుస్తోంది.

"వెళ్లి కాళ్లు పట్టుకో కోకోమూ. పండగ ముందు వాడితో మనకెందుకు?" అంటున్నాడు ముసలి ఎంకోస్, బజ్జీతో పచ్చిమిరపకాయ కొరుకుతూ.

"ఎవడి కాళ్లూ పట్టుకోను. నా దారి నాకుంది." కోకోమ్ జాజంగ్ వైపు తిరిగింది. "మొహం మీదే చెబుతున్నా, ఏమనుకోకు తమ్ముడూ. రేపు స్టేషనుకెళ్లి నీ సంగతి చెప్పేస్తాను. చెబితే రెండో మిషను నా ఇంట్లో పెడతానన్నాడు బాస్."

నినింగ్‌కు ఒళ్లు మండిపోయింది. ఆలోచించే వ్యవధి కూడా లేకుండా నోరు జారింది.

"నీ ఇంట్లో ఏంటక్కా? నా ఇంట్లో పెడతానన్నాడు."

"మీ ఇద్దరికీ ఎలా ఇస్తాడు? నిన్న నాతో కదా అన్నది," అన్నాడు ఎంకోస్.

బండివాడు బజ్జీలు తిప్పడం ఆపేశాడు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఆగలేదు. నవ్వనిది జాజంగ్ ఒక్కడే.

"నాకున్నది ఒకటే తలకాయ. ఎంతమందికి పంచుతున్నారు?" అన్నాడు.

ఆ మాటతో నవ్వు చచ్చిపోయింది. నినింగ్ తల దించుకుని, ఫైలు సంగతి అప్పుడు చెప్పింది. చెబుతుంటే తన సొమ్మేదో పంచిపెడుతున్నట్టు ప్రాణం ఉసూరుమంది. అయినా చెప్పింది.

కోకోమ్ చేతిలోని బజ్జీ కాగితం నలిపి పారేసింది. "అయితే మనం ఇన్నాళ్లూ కూర్చున్నది ఆ సాఫ్ట్‌వేర్ కోసం కాదన్నమాట."

"మరి కంపెనీని అడగడం మానేద్దామా?" అన్నాడు ఎంకోస్.

"ఎందుకు మానాలి?" అన్నాడు జాజంగ్. "పెద్ద పెద్ద సినిమా కంపెనీలు అడిగితే వాళ్ల బొమ్మల సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు వచ్చిందంట. మీరు ఒక్కొక్కళ్లూ వెళ్లి అడిగారు, వాళ్లు గమనించి ఊరుకున్నారు. కలిసి అడగండి. ముందు ఎదురుగా ఉన్నోణ్ణి అడగండి."

"అడగండి కాదు, అడుగుదాం అను," అంది కోకోమ్.

పొద్దున్నే సందంతా హెర్లాన్ వరండాలో నిలబడింది. బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. రంగు డబ్బాల మూతలు తీయలేదు, చట్రాలు ఇళ్లలోనే ఉన్నాయి.

"బొమ్మలు మా మిషన్లలో తెరుచుకునే ఫైలుగా ఇవ్వండి. కోకోమక్క కూలి కొయ్యకండి. అప్పుడే పనిలోకి దిగుతాం," అంది నినింగ్.

"అలాంటి ఫైలేదీ ఉండదు."

"ఉంది బాస్. నేను నొక్కి చూశాను."

హెర్లాన్ మొహం నల్లబడింది. "ఈ సందు కాకపోతే ఇంకో సందు," అన్నాడు.

"పండగ ముందు ఏ సందు ఖాళీగా ఉంది? వెతుక్కోండి," అంది కోకోమ్.

అతను ఫోను చేశాడు. కాసేపటికి పోలీసు వ్యాను జాజంగ్ ఇంటి ముందు ఆగింది. జాజంగ్ వరండా నుంచి పరుగెత్తేలోగానే కంప్యూటరు రోడ్డు మీదికొచ్చింది. ఎవరిదిది అని అడిగాడు పోలీసు. హెర్లాన్ వేలు జాజంగ్ వైపు లేచింది. దానికన్నా ముందు నినింగ్ అడుగు పడింది.

"నాది," అంది. నాదైతే ఎంత బాగుండునని ఏళ్ల తరబడి చూసిన మిషను అది.

"అబద్ధం సార్. నాది," అన్నాడు జాజంగ్ రొప్పుతూ. "నా సామాను మీద ఈమెకు ఎప్పట్నుంచో కన్ను."

"నీకు మాత్రం ఎక్కడిది? అది దొంగ కాపీయే సార్. ఇక్కడ మనుషులు దొంగలెలా అవుతారో స్టేషన్లో చెబుతాను, పదండి," అంది నినింగ్.

పోలీసు విసుక్కుని ఇద్దర్నీ ఎక్కించాడు. కోకోమ్ వ్యాను తలుపు పట్టుకుని, నేనూ వస్తానంది. దించేశారు. ఆమె నడక మొదలుపెట్టింది. వెనకాల సందంతా నడిచింది. హెర్లాన్ ముందు గదిలో మిషను ఆన్ చేసే ఉంది, ఆగస్టు పండగ బొమ్మ తెర మీద చక్కగా ఉంది. దాన్ని గుడ్డకెక్కించే చెయ్యి ఒక్కటీ లేదు.

స్టేషన్లో కిటికీ కింద బెంచీ మీద ఇద్దర్నీ కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి బయట గోల పెరిగింది. నినింగ్ లేచి చూసింది. పక్క సందువాళ్లు వచ్చారు, చేతులకు రంగులు ఆరకుండానే వచ్చారు. ఒకామె కోకోమ్‌ను అడుగుతోంది: "ఆ ఫైలు సంగతేంటక్కా? మా బాస్ దగ్గర కూడా ఉంటుందా?"

"ఎందుకుండదు? ఇలా రండి," అని కోకోమ్ మెట్టెక్కి మొదలుపెట్టింది. చెయ్యి తడబడటం, పట్టీ తెరుచుకోవడం, అంతా తన చేతి మీదే జరిగినట్టు చెబుతోంది.

నినింగ్‌కు మళ్లీ ఒళ్లు మండింది. "కనిపెట్టింది నేను," అంది జాజంగ్‌తో.

"అయితే అరిచి చెప్పు."

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుంది. కోకోమ్ చుట్టూ జనం గేటు దాటి రోడ్డు మీదిదాకా ఉన్నారు. చివర్లో ఉన్నవాళ్లు మడమలెత్తి, చెవుల వెనక చేతులు పెట్టుకుని వింటున్నారు.

"కోకోమక్కా," అని కేక వేసింది నినింగ్. "గట్టిగా చెప్పు. వెనకవాళ్లకు వినబడట్లేదు."